సంక్రాంతి మూడు రోజులూ కంటి డాక్టరు ఎక్కడ దొరుకుతారు? గోదావరి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గార్లకు,

నమస్కారం.

సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. ఈపాటికి మీ కార్యాలయాల్లో పండగ సమీక్షలు మొదలై ఉంటాయి. హైదరాబాదు నుంచి వచ్చే జనానికి ఎన్ని ప్రత్యేక బస్సులు నడపాలో ఆర్టీసీ వాళ్లు లెక్క చెబుతారు. ప్రభల తీర్థాలకు బందోబస్తు గురించి పోలీసులు చెబుతారు. కోడిపందేలు జరగనివ్వబోమనీ చెబుతారు. (ఆ మాట ఏటా వింటున్నాం, ఏటా బరులూ చూస్తున్నాం. దాని జోలికి నేను పోను.) ఆ సమీక్షలో ఒక్క ఐదు నిమిషాలు కళ్ల గురించి మాట్లాడమని అడగడానికే ఈ ఉత్తరం.

నా కోరిక ముందే చెప్పేస్తాను. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ పగలూ రాత్రీ కంటికి దెబ్బ తగిలినవాళ్లు ఏ ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ ఏ కంటి డాక్టరు డ్యూటీలో ఉంటారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న సంగతి భోగి ముందురోజుకల్లా ప్రతి గ్రామ సచివాలయం బోర్డు మీదా రాయించండి. మైకులో చెప్పించండి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. జిల్లాలో అంధత్వ నివారణ కార్యక్రమం మీ అధ్యక్షతనే నడుస్తుంది కాబట్టి ఇంకొకరి సంతకం కోసం ఎదురుచూడాల్సిన పని కూడా లేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆఫ్తాల్మిక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను. అద్దాల పరీక్షలు చేయడం, శుక్లాలున్న పెద్దవాళ్లను గుర్తించి ఆపరేషనుకు పంపడం, కంట్లో నలుసు తీయడం, బడిపిల్లల చూపు చూడడం మా పని. మా కేడరు వాళ్లలో ఎవర్ని అడిగినా ఒక విషయం చెబుతారు: జనవరి మూడో వారం ఓపీ మిగతా వారాల్లా ఉండదు. ముక్కనుమ మర్నాటి నుంచి వరసగా వస్తారు. పిల్లవాడి కంటికి ఒక చేతి రుమాలు అడ్డం, పక్కన తాతో మేనమామో. ఎప్పుడు తగిలింది అని అడిగితే నేల చూపులు చూస్తారు. "భోగి రోజండీ. పండగ వెళ్లాక చూపిద్దాంలే అనుకున్నామండీ."

వాళ్లది నిర్లక్ష్యమే అనుకుని మందలించి ఊరుకుంటే సరిపోదు. భోగి రోజు మధ్యాహ్నం ఒక లంక గ్రామంలో పిల్లవాడి కంటికి కర్ర తగిలిందనుకోండి. పీహెచ్‌సీలో నర్సమ్మ ఉంటుంది, ఆవిడ పెద్దాసుపత్రికి వెళ్లమంటుంది. టౌనులో ప్రైవేటు కంటి ఆసుపత్రికి తాళం, డాక్టరు గారు వాళ్ల అత్తగారి ఊరు వెళ్లి ఉంటారు. (ఆయనకు మాత్రం పండగ ఉండదా?) అమలాపురం చుట్టుపక్కల నుంచి కాకినాడ వెళ్లాలంటే ఎదుర్లంక వంతెన దాటాలి, పండగ ట్రాఫిక్కులో అదో పూట పని. అంత దూరం వెళ్లాక అక్కడ కంటి డాక్టరు ఉంటారో ఉండరో తెలియదు. ఇంటి నిండా చుట్టాలు, కొత్త అల్లుడు. ఈ పరిస్థితిలో ఎవరైనా రేపు చూద్దామనే అంటారు. పెద్దాసుపత్రిలో నిజానికి ఆ రోజు డ్యూటీ డాక్టరు ఉండే ఉంటారు. ఆ సంగతి ఆసుపత్రి లోపలివాళ్లకు తెలుసు, లంకలో ఉన్న ఆ తాతకు తెలియదు. నేను అడుగుతున్న బోర్డు ఆ తాత కోసం.

కంటి విషయంలో ఒక పూట ఆలస్యానికి ఎంత ఖరీదు ఉంటుందో చెప్పే అధ్యయనం ఒకటి నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగింది, 2001లో అచ్చయింది. పొలం పనుల్లో గడ్డిపరకో కంకో గీసుకుని నల్లగుడ్డు మీద పైపొర లేచిపోయినవాళ్లను ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలే గుర్తించి, మూడు రోజులపాటు రోజుకు మూడుసార్లు మామూలు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ పెట్టారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపు మందు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. 24 గంటలు దాటి 48 గంటల లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. మందు అదే, పెట్టినవాళ్లూ వాళ్లే. మారింది గంటలు మాత్రమే. భోగి తెల్లవారుజాము నుంచి కనుమ రాత్రి దాకా లెక్కేసుకోండి, ఎన్ని గంటలవుతాయో.

ఇక దెబ్బల సంగతి. అన్నిటికంటే ముందు గోటీబిళ్ల గురించి చెప్పాలి. తెలంగాణ వైపు చిర్రగోనె అంటారు. ఏడాది పొడుగునా ఫోన్లు పట్టుకు కూర్చునే పిల్లలు సంక్రాంతికి తాతగారి ఊరొచ్చి ఈ ఆట మొదలెడతారు. అలవాటు లేని చేతులు. బిళ్ల రెండు చివరలా చెక్కి ఉంటుంది, ఎటు లేస్తుందో కొట్టినవాడికే తెలియదు. ఎదురుగా క్యాచ్ పట్టడానికి నిలబడ్డవాడి కళ్లు సరిగ్గా దాని దారిలోనే ఉంటాయి. బిళ్ల మొన తగిలి గుడ్డు చిట్లితే అందరూ భయపడి పరుగెత్తుకొస్తారు, ఒకరకంగా అది నయం. మోసం చేసేది మొద్దు దెబ్బ. పైకి కాస్త ఎరుపు, కాస్త వాపు, అంతే. లోపల నల్లగుడ్డు వెనక రక్తం గూడు కడుతుంది, కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. పిల్లవాడు మత్తుగా పడుకుంటే ఆడి ఆడి అలిసిపోయాడనుకుంటారు. ఆ రక్తం రెండు మూడు రోజులకు కరిగి, అంతా మామూలుగా కనిపించినా కథ అయిపోయినట్టు కాదు. వారాల తర్వాత శుక్లం రావచ్చు, నెలల తర్వాత రెటీనా ఊడవచ్చు, ఏళ్ల తర్వాత నీటికాసులు బయటపడవచ్చు. ఆరేడేళ్ల పిల్లవాడికి దెబ్బ వల్ల శుక్లం వచ్చి, దాన్ని తొందరగా తీయకపోతే మెదడు ఆ కంటిని వాడుకోవడమే మానేస్తుంది. తర్వాత ఎంత మంచి లెన్స్ వేసినా ఆ చూపు పూర్తిగా తిరిగి రాదు.

అలాగని గోటీబిళ్ల నిషేధించమని నేను అడగను. అలా అడిగేవాళ్లు ఉన్నారు, బడుల్లో సర్క్యులర్లు కూడా పంపమంటారు. పిల్లల్ని వీధిలోకి రాకుండా చేస్తే వాళ్లు చేసేది ఏమిటో మనకు తెలుసు, మూల గదిలో ఫోను. దూరం సరిగా కనబడక పెట్టుకునే అద్దాలు ఈ మధ్య ఎంత చిన్న వయసుకే వస్తున్నాయో బడి పరీక్షల్లో కళ్లారా చూశాను. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనిస్తే, మిగతా బడుల కంటే అక్కడ కొత్తగా అద్దాల అవసరం పడ్డవాళ్లు తక్కువగా తేలారు. ఎండలో, వెలుతురులో ఆడే ఆట కంటికి మంచిదే. చూసేవాళ్లను, క్యాచ్ పట్టేవాళ్లను దూరంగా నిలబెట్టి, బిళ్ల మొనలు అరగదీయించి, పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు. ఫోన్ల గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పను, ఇప్పటికే అందరూ చెబుతున్నారు.

రెండోది సున్నం. ఇది చాలామందికి తట్టదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పండగకు ముందు ఇళ్లకు వెల్ల వేయడం మన దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. పెంకుటిళ్లు, ప్రహరీ గోడలు, గుడి అరుగులు, కొబ్బరి చెట్ల మొదళ్లు. బకెట్లో సున్నపు గుల్ల వేసి నీళ్లు పోస్తే అది కుతకుతా ఉడుకుతుంది, తుంపర లేస్తుంది. చుట్టూ పిల్లలు వింతగా వంగి చూస్తుంటారు. గోడ మీద బ్రష్షు కొడుతూ పైకి చూస్తున్న మనిషి కంట్లో చుక్క పడుతుంది. ఇది ఒక రకం. ఇంకో రకం, కిళ్లీ కొట్లో పొగాకుతో పాటు అమ్మే చిన్న సున్నం ప్యాకెట్లు, ట్యూబులు. తాతగారి జేబులోంచి తీసిన ప్యాకెట్టును పిల్లవాడు రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కుతాడు, లేదా కాలితో తొక్కి టప్‌మనిపిస్తాడు. పగిలిన సున్నం తిన్నగా మొహం మీదికి. ఈ ప్యాకెట్టు వల్ల చూపు పోయిన పిల్లల్ని మన దేశంలో కంటి డాక్టర్లందరూ చూసే ఉంటారు.

యాసిడ్ అంటే అందరికీ భయం, సున్నం అంటే భయం లేదు. నోట్లో వేసుకునేదే కదా అనుకుంటారు. కంటి వరకు చూస్తే చాలాసార్లు యాసిడ్ కంటే సున్నమే ప్రమాదం. యాసిడ్ పడగానే పైపొరలోని మాంసకృత్తులు గడ్డకట్టి కొంతవరకు అడ్డు నిలుస్తాయి. సున్నం లాంటి క్షారం పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. పై రెప్ప లోపల ఒక చిన్న పలుకు అతుక్కుని ఉండిపోయినా గంటల తరబడి అది కాలుస్తూనే ఉంటుంది. అందుకే మొదటి నిమిషంలో ఇంట్లోవాళ్లు చేసే పని, తర్వాత ఏ ఆసుపత్రిలో జరిగే వైద్యం కంటే ముఖ్యం. ఆ పని నీళ్లు పోయడం. పిల్లవాడిని వెల్లకిలా పడుకోబెట్టి, రెప్పలు విప్పి పట్టుకుని, శుభ్రమైన నీళ్లు కనీసం అరగంట ధారగా పోయాలి. ఏడుస్తాడు, గింజుకుంటాడు, అయినా సరే. కనబడే పలుకుల్ని తడి గుడ్డ కొసతో తీసేయాలి. నిమ్మరసం పోస్తే సున్నం విరుగుతుందని చెప్పేవాళ్లుంటారు, ఆ పని అస్సలు చేయకూడదు. అరగంట అయ్యాకే ఆసుపత్రికి బయల్దేరాలి, వీలైతే దారిలో కూడా నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఇలా కాలిన కంటికి వైద్యం లేదని కాదు. నల్లగుడ్డు అంచు చుట్టూ ఉండే మూలకణాలు మాడిపోతే, కంటి పొర మార్పిడి చేసినా నిలవదు. హైదరాబాదులోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు, బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలుగా చేసి, కాన్పులో వచ్చే మాయ తాలూకు పలుచని పొర సాయంతో కాలిన కంటి మీద నాటే పద్ధతిని 2012లో ప్రపంచానికి చెప్పారు. దాంతో చూపు తిరిగొచ్చినవాళ్లున్నారు. మన తెలుగు నేల మీద అంత వైద్యం ఉన్నందుకు గర్వపడాల్సిందే. కానీ ఆ ఆపరేషను, ఆ ప్రయాణాలు, ఆ ఏడాది చదువు, ఇవన్నీ రెండు బిందెల నీళ్లతో తప్పిపోయేవని ఆ తల్లిదండ్రులకు తర్వాత ఎవరో చెబుతారు. ముందే చెప్పడానికి మీ దగ్గర సచివాలయం ఉంది, ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది.

భోగి మంటల గురించి అందరికీ తెలిసిందే కనుక ఎక్కువ రాయను. కొబ్బరి మట్టలు, పిడకలు, పాత చెక్క వేసినంతవరకు పొగకు కళ్లు మండుతాయి, కడుక్కుంటే తగ్గుతుంది. ఇప్పుడు టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫోమ్ పరుపులు వేస్తున్నారు. ఖాళీ అయిన సెంటు స్ప్రే డబ్బాలు కూడా మంటల్లో పడేస్తున్నారు, అవి బాంబుల్లా పేలతాయి. పచ్చి వెదురు కణుపులూ పేలతాయి. మంట చుట్టూ మొహం పెట్టి కూర్చునేది పిల్లలే. మున్సిపాలిటీ వాళ్లు, పంచాయతీ వాళ్లు టైర్ల దగ్గర కాస్త గట్టిగా ఉండాలి. సాయంత్రం భోగిపళ్లు పోసేటప్పుడు చిల్లర నాణేలు కలుపుతాం కదా, అవి పైనుంచి విసరకుండా దోసిట్లోంచి మెల్లగా జార్చమని మా అమ్మమ్మలకు, అత్తలకు నేను చెబుతూ ఉంటాను. నవ్వుతారు, అయినా చెబుతాను.

మాంజా. మా లంకల్లో గాలిపటాలు తక్కువ, టౌన్లలో ఎక్కువ. హైదరాబాదు నుంచి వచ్చే పిల్లలు ఇప్పుడు దారం చుట్టలు కూడా తెచ్చుకుంటున్నారు. నైలాన్ మాంజాను దేశమంతటా నిషేధిస్తూ 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. చైనా మాంజా అంటున్నాం గానీ చాలావరకు ఇక్కడ తయారయ్యేదే. అది తెగదు, తెగి వేలాడినా కుళ్లదు, స్కూటరు మీద పోయేవాడి మెడకో రెప్పకో అడ్డం పడితే కోసేస్తుంది. దాడులు సంక్రాంతికి రెండు రోజుల ముందు చేస్తే ఫొటోలు వస్తాయి. సరుకు దుకాణాలకు చేరేది డిసెంబరులో, అప్పుడు చేస్తే సరుకు దొరుకుతుంది. ఈ ఏడాదికి ఆలస్యమైందనుకుంటే కనీసం బండి మీద ముందు కూర్చోబెట్టుకునే చిన్నపిల్లల గురించి ట్రాఫిక్ పోలీసులతో చెప్పించండి. నడిపేవాడికి హెల్మెట్ అద్దం దించుకోమని చెప్పొచ్చు, ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడి మొహానికి ఏ అడ్డూ ఉండదు.

దెబ్బ తగిలాక ఇళ్లల్లో ఏం జరుగుతుందో మీ వైద్యాధికారులు మొహమాటపడి చెప్పకపోవచ్చు, నేను చెబుతాను. కంట్లో నందివర్ధనం పూల రసం పిండుతారు. ఆముదం చుక్క వేస్తారు. చనుబాలు పిండుతారు. నాలుకతో నలుసు తీసే ముసలమ్మలు ఇప్పటికీ కొన్ని ఊళ్లల్లో ఉన్నారు, వాళ్ల చేతి చలవ మీద నమ్మకం కూడా ఉంది. వాళ్లెవరూ చెడు కోరి చేయరు. కానీ పైపొర లేచిన నల్లగుడ్డు మీద ఇవేం పడ్డా సూక్ష్మక్రిములను చేతులారా లోపలికి పంపినట్టే. కోతలు, నూర్పిళ్లు ముగిసే కాలం కూడా ఇదే కాబట్టి, వరి కంకి గీసుకుని బూజు జాతి క్రిమి చేరిన కళ్లు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. ఆ పుండు మొదట్లో పెద్దగా నొప్పి పెట్టదు. నెమ్మదిగా పాకుతుంది. చివరికి కంట్లో పువ్వు మిగులుతుంది.

ఇంటి వైద్యం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మందుల షాపు. పండగ రోజు ఆసుపత్రులు మూసి ఉన్నా మందుల షాపు తెరిచే ఉంటుంది. "కన్ను ఎర్రబడిందండీ" అంటే స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు చేతిలో పెడతారు. అది వేయగానే ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది. అందుకే ఆ షాపాయనకు మంచి పేరు. బూజు పుండు ఉన్న కంట్లో ఆ మందు పడితే పుండుకు అడ్డు లేకుండా పోతుంది. నాటమైసిన్ లాంటి అసలు మందు మొదలుపెట్టేసరికి వారం, పది రోజులు గడిచిపోయి ఉంటాయి. ఈ పండగ వారంలో డాక్టరు చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మవద్దని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల ద్వారా షాపులకు ఒక నోటీసు పంపించండి. చట్టం ప్రకారం ఎప్పుడూ అమ్మకూడదు, ఆ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు. పండగ వారమైనా ఒకసారి గుర్తు చేయమంటున్నాను.

బోర్డు మీద డాక్టరు పేరు, ఆసుపత్రి పేరు, నంబరుతో పాటు కింద కొన్ని మాటలు రాయించమని నా మనవి. సున్నం గానీ మరే రసాయనం గానీ పడితే ముందు అరగంట నీళ్లు, తర్వాత ప్రయాణం. ఏదైనా గుచ్చుకుంటే, గుడ్డు చిట్లినట్టు అనిపిస్తే మాత్రం దానికి పూర్తిగా వేరే పద్ధతి: నీళ్లు పోయొద్దు, నలపొద్దు, గుచ్చుకున్నదాన్ని లాగొద్దు, ఏ చుక్కలూ వేయొద్దు. టీ తాగే పేపరు కప్పు ఒకటి కంటి చుట్టూ ఎముక మీద ఆనేలా బోర్లించి, గుడ్డు మీద ఒత్తిడి పడకుండా ప్లాస్టరు అంటించి తీసుకురావాలి. మొద్దు దెబ్బ తగిలితే కన్ను బాగున్నట్టే కనిపించినా ఆ రోజే చూపించాలి.

ఇంకో మాట కూడా తప్పకుండా ఉండాలి. కంటికి లోతైన దెబ్బ తగిలిన పిల్లవాడికి తినడానికి, తాగడానికి ఏమీ పెట్టొద్దు. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది. పండగ పూట ఏడుస్తున్న మనవడి చేతిలో అరిసె పెట్టని నాయనమ్మ ఉండదు. ఆ అరిసె తిన్నాక మత్తు ఇవ్వడానికి కొన్ని గంటలు ఆగాల్సి వస్తుంది. అంతసేపూ చిట్లిన గుడ్డు అలాగే ఉంటుంది. కారణం చెబితే ఏ నాయనమ్మ అయినా అర్థం చేసుకుంటుంది. ఎవరూ చెప్పకపోవడమే ఇన్నాళ్లూ జరిగింది. అలాంటి గాయాన్ని సకాలంలో కుట్టకపోతే, అరుదుగానైనా సరే, బాగున్న రెండో కన్ను కూడా దెబ్బతినే ప్రమాదం ఉందని కూడా వాళ్లకు తెలియాలి.

జనం చేయాల్సింది ఇది. ఇక యంత్రాంగం చేయాల్సినవి కొన్ని మిగిలాయి. పండగకు ముందు ప్రతి పీహెచ్‌సీలో, ప్రతి 108 బండిలో కళ్లు కడగడానికి సరిపడా సెలైన్ సీసాలు, కంటి మీద పెట్టే గట్టి షీల్డులు ఉన్నాయో లేదో లెక్క చూడమనండి. ఏఎన్ఎంల దగ్గర యాంటీబయాటిక్ కంటి ఆయింట్‌మెంట్ ఉంచండి, గీసుకుపోయిన కంటికి ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకుండా పంపించాలో ఒక పూట కూర్చోబెట్టి చెప్పించండి. మా రిటైరైన ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లలో ఆ పూట పాఠం చెప్పడానికి ఉచితంగా వచ్చేవాళ్లు ప్రతి మండలంలో దొరుకుతారు, పిలిస్తే నేనూ వస్తాను. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో పెట్టే వైద్య శిబిరంలో కంటి మనిషి ఒకరు ఉండేలా చూడండి. అక్కడ బాణసంచా కాలుస్తారు, జనం కిక్కిరిసి ఉంటారు, దుమ్ము సరేసరి. బడులు సెలవులు ఇచ్చే రోజు ఉదయం ప్రార్థన సమయంలో హెడ్మాస్టర్ల చేత సున్నం ప్యాకెట్టు గురించి, గోటీబిళ్ల గురించి ఒక ఐదు నిమిషాలు చెప్పిస్తే ఆ మాట సాయంత్రానికల్లా ఇంటింటికీ చేరుతుంది. పిల్లలు ఇలాంటివి పెద్దవాళ్లకు చెప్పడంలో చాలా గట్టివాళ్లు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కళ్లను మరిచిపోయాయని నేను అనడం లేదు. తెలంగాణలో 2018లో, మన దగ్గర 2019లో కంటి వెలుగు మొదలైంది. మన దగ్గర మొదటి విడతే బడిపిల్లలతో మొదలుపెట్టారు. లక్షల మందిని చూశారు, అద్దాలు ఇచ్చారు. అది మంచి పనే, అందులో నేనూ తిరిగాను. కానీ అవన్నీ నిదానంగా వచ్చే జబ్బుల కోసం పెట్టిన శిబిరాలు. సంక్రాంతి మధ్యాహ్నం మూడింటికి తగిలే దెబ్బకు శిబిరం పనికిరాదు. అప్పుడు కావాల్సింది తలుపు తెరిచి ఉన్న ఒక గది, అందులో ఒక డాక్టరు, అది ఎక్కడుందో ముందే తెలియడం.

ప్రభుత్వ డాక్టర్లు ఆ మూడు రోజులకు చాలకపోతే ప్రైవేటు, ట్రస్టు కంటి ఆసుపత్రులతో మాట్లాడండి. రోజుకొకరు చొప్పున వంతులు వేసుకుంటే ఎవరి పండగా చెడదు. మీరు పిలిచి అడిగితే కాదనేవాళ్లు తక్కువ, నాకు తెలిసినంతలో చాలామంది ఎవరూ అడగలేదనే ఊరుకున్నారు.

చివరగా ఫోన్ నంబరు విషయం. బోర్డు మీద ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నంబరు రాస్తే పండగ రోజు అది మోగుతూనే ఉంటుంది. డ్యూటీలో ఉన్న డాక్టరు దగ్గరో, క్యాజువాలిటీ నర్సు దగ్గరో ఉండే సెల్ నంబరు రాయించండి. వంతు మారినప్పుడు ఆ ఫోను కూడా చేతులు మారాలి. భోగి రోజు పొద్దున్న ఏడింటికి, ఎవరికీ ముందుగా చెప్పకుండా, ఆ నంబరుకు మీరే ఒకసారి ఫోన్ చేయండి. మామూలు మనిషిలా అడగండి, మా మనవడి కంట్లో సున్నం పడింది ఏం చేయమంటారని. అవతలివాళ్లు "ముందు అరగంట నీళ్లు పోయండి, పోశాక ఇక్కడికి తీసుకురండి" అంటే మీ ఏర్పాటు పనిచేస్తున్నట్టు. "ఓపీ పండగ అయ్యాకండీ" అంటే వెంటనే సరిదిద్దండి, పండగ మూడు రోజులూ ఇంకా ముందే ఉంటాయి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక విశ్రాంత ఆఫ్తాల్మిక్ ఆఫీసరు,
కోనసీమ